ప్రాసిక్యూటర్ ఎవరి లాయరు?

సందేహం: పేపర్లో ఒకచోట ‘ఫిర్యాది తరఫు లాయరు’ అని, ఇంకోచోట ‘ప్రభుత్వ న్యాయవాది’ అని రాస్తున్నారు, రెండూ పబ్లిక్ ప్రాసిక్యూటర్ గురించేనా? తెలుగులో ‘అభియోక్త’ అనొచ్చా సార్?

సమాధానం: రెండూ ఆయన గురించేనండీ, కానీ మొదటిది మాత్రం తప్పు. దొంగతనం మీ ఇంట్లోనే జరిగినా, పోలీసులు చార్జిషీటు వేశాక ఆ కేసు నడిపేది ప్రభుత్వం, కాయితాల మీద కూడా స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అనో తెలంగాణ అనో ఉంటుంది, మీరేమో మామూలుగా పీడబ్ల్యూ 1, అంటే ప్రాసిక్యూషన్ వైపు ఒకటో సాక్షి, అంతే. మీరు డబ్బిచ్చి సొంత లాయర్ని పెట్టుకున్నా ఆయన పీపీ గారు, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, చెప్పినట్టు నడుచుకోవాల్సిందే, సాక్ష్యాలు అయిపోయాక కోర్టు ఒప్పుకుంటే వాదన కాయితం మీద రాసి ఇవ్వొచ్చు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది 301 సెక్షను, దాని స్థానంలో 2024 జులై 1న వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 338. కోర్టు అనుమతిస్తే కేసు విత్‌డ్రా చేసుకునే అధికారం కూడా పీపీదే, కాకపోతే కొత్త చట్టం బాధితుడి మాట కూడా వినకుండా ఒప్పుకోవద్దంది, అది మంచి మార్పు.

‘ప్రభుత్వ న్యాయవాది’ తప్పు కాదు గానీ, సివిల్ దావాల్లో ప్రభుత్వం తరఫున వచ్చే గవర్నమెంట్ ప్లీడరు, అదే జీపీ, ఆయనకీ ఈయనకీ తేడా తెలీకుండా పోతుంది. ఇంకో చిక్కు, ప్రభుత్వ లాయరు అనగానే ఎలాగైనా శిక్ష వేయించాల్సిన మనిషి అనుకుంటాం. కాదు, ముద్దాయికి పనికొచ్చే ఆధారం కనబడితే అది కూడా కోర్టు ముందు పెట్టాల్సిన బాధ్యత ఆయనకుంది. అసలు ప్రాసిక్యూట్ చేయడం అంటే కేసు నడపడమే, శిక్షించడం కాదు, ఖాళీ స్థలాల దగ్గర ‘ట్రెస్‌పాసర్స్ విల్ బీ ప్రాసిక్యూటెడ్’ అనే ఇంగ్లీషు బోర్డుని ‘లోపలికి వచ్చినవారు శిక్షింపబడుదురు’ అని తెలుగు చేసినవాళ్ళు జడ్జి పని కూడా వాళ్ళే చేసేశారు.

ఇక అభియోక్త. వినడానికి బానే ఉంది, కానీ సంస్కృతంలో ఆ మాటకి నేరం మోపినవాడు, దావా తెచ్చినవాడు అని అర్థం, అంటే మన ఫిర్యాదీయే! మళ్ళీ మొదటికే వచ్చాం. అందుకే నేనైతే ప్రాసిక్యూటర్ అనే రాస్తాను, కోర్టు ఆవరణలో టీ అమ్మే అతనికి కూడా పీపీ గారంటే ఎవరో తెలుసు, అభియోక్త గారెక్కడ అని అడిగి చూడండి.

మాటలు కోర్టులో కుర్చీలు మారడం కొత్తేం కాదు లెండి. ‘ముద్దాయి’నే చూడండి, అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ముద్దయీ అంటే కేసు వేసినవాడు, మన దగ్గరికొచ్చేసరికి బోనెక్కి కూర్చున్నాడు. పాతబస్తీలో ఉర్దూ పెద్దాయన ఎవరితోనైనా ‘మావాడు ముద్దాయి’ అన్నారనుకోండి, ‘ఎవరి మీద వేశాడు కేసు?’ అని అడుగుతాడు.