పక్కనుండే మనిషిని చూడండి, డిటెక్టివ్ ఎట్లాంటోడో తెలుస్తుంది

పోయిన నెల ఈ పేజీలో "మీకు ఇష్టమైన డిటెక్టివ్ ఎవరు, తెరమీద చూసినప్పుడు ఎట్ల అనిపించింది" అని ఒక్క లైను అడిగినా, అంతే. మన జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజీలు వస్తాయని అనుకోలే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి కొన్ని తీసుకున్నా. పేరు వేయొద్దని చానామంది అడిగినారు, అందుకే అందరివీ ఊరి పేరుతోనే ఇస్తున్నాం.

అక్కా, మా హాస్టల్ రూములో షెర్లాక్ హోమ్స్ వేషం ఎవరు బాగా వేసినారని రోజూ గొడవ. ఒకడు కంబర్‌బ్యాచ్ అంటాడు, ఇంకొకడు రాబర్ట్ డౌనీ జూనియర్ అంటాడు, మా ఇంగ్లిష్ సార్ మాత్రం జెరెమీ బ్రెట్ తప్ప ఎవరూ హోమ్స్ కాదంటాడు. మీరే తేల్చాలి.
— ఆదోని తమ్ముడు, ఇప్పుడు కర్నూలులో చదువు

తమ్ముడూ, నేను మీ సార్ పక్షం. కానీ ఎందుకో చెప్తా, ఆ తర్వాత మీరు మీరు కొట్లాడుకోండి.

హోమ్స్ మొదటిసారి అచ్చులో కనిపించింది 1887లో. ఆయన్ని పుట్టించిన కోనన్ డాయల్ హోమ్స్ మీద రాసింది మొత్తం 4 నవలలు, 56 కథలు. ఈ 60లో 56 మనకు చెప్పేది హోమ్స్ స్నేహితుడు వాట్సనే. అంటే మనం హోమ్స్‌ని నేరుగా చూసిందే తక్కువ, వాట్సన్ కళ్లతో చూసినాం, వాట్సన్ ఆశ్చర్యపోతే మనమూ ఆశ్చర్యపోయినాం, వాట్సన్‌కి కోపమొస్తే మనకూ వచ్చింది. సినిమాలో ఆ పని కెమెరా చేస్తుంది కదా, ఇంక వాట్సన్‌తో ఏం చేయాలో సినిమావాళ్లకు తోచదు. 1939 నుంచి 1946 దాకా బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా 14 సినిమాలు వచ్చినాయి, రాత్‌బోన్ ముఖం, ఆ గొంతు అన్నీ సరిపోయినాయి, పక్కన నైజెల్ బ్రూస్ వేసిన వాట్సన్‌ని మాత్రం తడబడే ముసలి అమాయకుణ్ని చేసిపెట్టినారు. పుస్తకంలో వాట్సన్ అట్లాంటోడు కాదబ్బా. మిలిటరీ డాక్టరు, ఆఫ్ఘనిస్తాన్‌లో మైవాండ్ యుద్ధంలో తూటా తిని వచ్చినోడు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రివాల్వర్ జేబులో వేసుకోని బయల్దేరే మనిషి. అంత తెలివైన హోమ్స్ ఒక మొద్దును పక్కన పెట్టుకోని ఏండ్లకేండ్లు ఎందుకు తిరుగుతాడు చెప్పు?

అందుకే నేను ఏ హోమ్స్‌ని చూసినా ముందు వాట్సన్‌నే చూస్తా. బ్రెట్ సీరియల్ 1984 నుంచి 1994 దాకా నడిచింది, మొదట డేవిడ్ బర్క్, తర్వాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్ వాట్సన్‌గా చేసినారు, ఇద్దరూ మర్యాదస్తులు, ఇద్దరికీ బుర్ర ఉంది. బ్రెట్ ఒక్కసారి నవ్వి టక్కున ఆపేస్తాడు చూడు, ఆ నవ్వు ఎందుకు ఆగిందో పక్కనుండే వాట్సన్ ముఖంలో తెలుస్తుంది. కంబర్‌బ్యాచ్‌ది 2010లో మొదలైంది, అందులో వాట్సన్ వేసిన మార్టిన్ ఫ్రీమన్ కూడా ఆఫ్ఘనిస్తాన్ నుంచే తిరిగొస్తాడు, 130 ఏండ్ల తర్వాత కూడా అదే దేశం, అదే గాయం, ఒక్క అక్షరం మార్చే పని లేకపోయింది. ఆ మొదటి ఎపిసోడ్ చూసి నేను చానాసేపు అట్లనే కూర్చుండిపోయినా. డౌనీ హోమ్స్ కొట్లాటలు నాకు ఎక్కలే గానీ, జూడ్ లా వాట్సన్ మాత్రం నిఖార్సయిన సైనికుడు, దానికి పూర్తి మార్కులు.

ఇంకొక మాట. ఆ రెండు చూరుల టోపీ ఉంది కదా, అది ఎక్కువగా హోమ్స్ కథలకు బొమ్మలేసిన సిడ్నీ పాజెట్ నుంచి వచ్చింది. వంకర పైపు స్టేజీ మీద హోమ్స్ వేషం వేసిన విలియం జిలెట్ వల్ల స్థిరపడింది. "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అనే మాట 60 కథల్లో యాడా అట్ల వరుసగా లేదు. మీ రూములో పందెం కాయాలంటే దీనిమీద కాయండి.

మేడం, అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పాయిరో సినిమాలో ఆ మీసం చూసి మా ఇంట్లో అందరం అబ్బా అనుకున్నాం. మా నాయన మాత్రం పాత సీరియల్లో ఉండే పొట్టాయనే అసలు పాయిరో అంటాడు. ఇద్దరిలో ఎవరు కరెక్టు?
— ధర్మవరం

మీ నాయన కరెక్టు. ఆయనకు నా నమస్కారం చెప్పండి.

ఆ పొట్టాయన డేవిడ్ సూషే. 1989లో మొదలుపెట్టి 2013 దాకా 70 ఎపిసోడ్లు చేసినాడు, పాతికేండ్లు ఒకే మనిషి వేషం. షూటింగుకి ముందు అగాథా క్రిస్టీ పుస్తకాలన్నీ చదివి, పాయిరో గుణాలు, అలవాట్లు ఒక్కొక్కటే నంబరు వేసి 93 దాకా రాసి పెట్టుకున్నాడు, కాఫీలో ఎన్ని చక్కెర ముక్కలు వేసుకుంటాడు అనే దాంతో సహా. మా ఇంటి పక్క టైలర్ ఒకాయన కొలతలు రాసుకునే నోటు బుక్కు గుర్తొస్తుంది నాకు, మనిషి బజార్లో కనపడితే పేరు గుర్తుండదు గానీ భుజం కొలత చెప్తాడు. సూషే పాయిరోని ఆ మాదిరి కొలిచి కుట్టినాడు. ఆ గబగబ చిన్న అడుగుల నడక చూడండి, కోటు మీద దుమ్ము పడితే ఆయన పడే బాధ చూడండి, అది నటన అనిపించదు.

మీరు చూసిన సినిమా కెనెత్ బ్రానా తీసినవాటిలో ఒకటి అయ్యుంటుంది, 2017లో ఒకటి, 2022లో ఇంకొకటి, 2023లో మూడోది వచ్చినాయి. 2022 దాంట్లో ఆ మీసానికి ఒక కథ పెట్టినారు, మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖానికి అయిన గాయాన్ని దాచేదానికి పెంచినాడని. నాకు అది నచ్చలే. పాయిరో మీసం ఆయన గర్వం. దేశం పోయింది, బెల్జియం నుంచి శరణార్థిగా వచ్చినాడు, ఉద్యోగం పోయింది, పరాయి ఊర్లో అందరూ ఫ్రెంచోడా అని అడుగుతాంటారు, అట్లాంటి మనిషి పొద్దున్నే అద్దం ముందర నిలబడి మీసం దువ్వుకుంటాడు చూడండి, అందులోనే ఉంది అంతా. దానికి గాయం అవసరం లేదు.

పాయిరో స్నేహితుడు హేస్టింగ్స్ సంగతి కూడా చెప్పాలి. క్రిస్టీ రాసిన 33 పాయిరో నవలల్లో హేస్టింగ్స్ ఉండేది 8లోనే. సీరియల్ వాళ్లు ఆయన లేని కథల్లోకి కూడా తెచ్చినారు, హ్యూ ఫ్రేజర్ వేసినాడు. పుస్తకం మార్చినారు అని నేను ఒక్కనాడూ బాధపడలే, ఎందుకంటే పాయిరో ఎంత ఒంటరో తెలియాలంటే పక్కన ఒక స్నేహితుడు ఉండాలి. ఆఖరి ఎపిసోడ్లో మళ్లీ హేస్టింగ్స్ వస్తాడు, అది చూసేటప్పుడు పక్కన కర్చీఫ్ పెట్టుకోండి, అంతకంటే చెప్పను.

అక్కా, డిటెక్టివులంతా మగోళ్లేనా? ఆడవాళ్లు లేరా?
— కడప, డిగ్రీ సెకండియర్

ఉందమ్మా, ఎందుకు లేదు. క్రిస్టీ రాసిన పల్లెటూరి ముసలామె మిస్ మార్పుల్. మా జేజి.

నిజంగా మా జేజి గుర్తొస్తుంది నాకు. జమ్మలమడుగులో ఇంటి ముందర అరుగు మీద కూర్చోని వత్తులు చేస్తాండేది, మార్పుల్ చేతిలో ఊలు అల్లిక ఉన్నట్ల. ఒకసారి మా ఇంట్లో పోపుల డబ్బా కింద పెట్టిన డబ్బు పోయింది, పనిమనిషి మీద అరుస్తాండారు అందరూ, ఆ పిల్ల ఏడుస్తాంది. జేజి చేతిలో వత్తి కింద పెట్టకుండానే "ఆ యమ్మిని వదలండి, మీవోడు పొద్దున్నుంచి కుంటుతాండాడు చూడండి, కొత్త చెప్పులు కరుస్తాండాయి వానికి, ఆ చెప్పులు యాడివో అడగండి" అనింది. మా చిన్నాయన కొడుకే తీసినాడు. మార్పుల్ పద్ధతి అచ్చం ఇదే. ఎవర్నైనా చూస్తే మా ఊర్లో ఫలానా మనిషి మాదిరి ఉన్నాడే అనుకుంటుంది, సెయింట్ మేరీ మీడ్ అనే పల్లె ఒక్కటే ఆమె చదివిన పుస్తకం.

ఆమెకు వాట్సన్ లేడు, ఊరే వాట్సన్. ఆ సంగతి 1961 నుంచి 1964 దాకా వచ్చిన మార్గరెట్ రూథర్‌ఫర్డ్ సినిమాల వాళ్లకు అర్థం కాలే. మిస్టర్ స్ట్రింజర్ అని పుస్తకాల్లో లేని తోడు ఒకాయన్ని పెట్టినారు, ఆ వేషం వేసింది రూథర్‌ఫర్డ్ నిజం భర్తే. ఆ నాలుగు సినిమాల్లో రెండింటి కథలు అసలు పాయిరో నవలలు. చూసేదానికి సరదాగా ఉంటాయి, కాదనను, కానీ గుర్రమెక్కి అల్లరి చేసే ఆమె మా జేజి కాదు. నీకు కావాల్సింది జోన్ హిక్సన్. 1984లో మొదలుపెట్టేనాటికి ఆమెకు 78 దగ్గర్లో ఉన్నాయి, 1992 లోపల 12 మార్పుల్ నవలలూ పూర్తి చేసింది. ఆమె ఒక మూల కూర్చోనుంటే గదిలో ఎవరూ పట్టించుకోరు, అందరూ ఆమె ముందే అన్నీ మాట్లాడేస్తారు. ముసలామెకు ఏం తెలుస్తుందిలే అనుకోవడమే అక్కడ హంతకుడు చేసే తప్పు. చూడమ్మా, చూసి మళ్లీ రాయి.

సార్/మేడం, దూరదర్శన్‌లో వచ్చిన బ్యోమకేశ్ బక్షీ గురించి రాయండి. మాకు హిందీ సగమే అర్థమయ్యేది కానీ వదలకుండా చూసేవాళ్లం.
— గుంతకల్లు, రైల్వే రిటైర్డ్

మీది రైల్వే ఊరు సార్, హిందీ సగమన్నా వచ్చింది, మాకు పావు కూడా రాదు. బాసు చటర్జీ 1993లో తీసిన సీరియల్ అది, రజిత్ కపూర్ బ్యోమకేశ్, కె.కె. రైనా అజిత్. శరదిందు బందోపాధ్యాయ 1932లో మొదలుపెట్టిన ఈ బెంగాలీ మనిషికి డిటెక్టివ్ అనే మాట నచ్చదు, సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. ఆ పేరు మన తెలుగు చెవికి కూడా ఎంత బాగుందో చూడండి. పంచె కట్టుకోని, పెండ్లి చేసుకోని, భార్యతో చిన్న చిన్న తగాదాలు పడే డిటెక్టివ్‌ని అంతకు ముందు నేను చూడలే. అజిత్ రచయిత, బక్షీ ఇంట్లోనే ఉంటాడు, కలిసి టీ తాగుతా మాట్లాడుకుంటారు, సగం కేసు అక్కడే తేలిపోతుంది.

బెంగాలీల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. సత్యజిత్ రాయ్ తను రాసిన ఫెలూదా అనే డిటెక్టివ్ కథలకు బొమ్మలు కూడా తనే వేసేవాడు. 1974లో సినిమా తీసినప్పుడు ఫెలూదా పక్కనుండే జటాయు వేషానికి సంతోష్ దత్తాని పెట్టుకున్నాడు. ఆ తర్వాత పుస్తకాల్లో జటాయు బొమ్మ సంతోష్ దత్తా ముఖంలోకి మారిపోయింది. తెరమీద మనిషి పుస్తకంలోకి నడిచి వచ్చినాడన్నమాట, అదీ హీరో కాదు, పక్కనుండే మనిషి.

మా నాయన దగ్గర కొమ్మూరి పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఎన్టీఆర్ యుగంధర్ సినిమా ఆ డిటెక్టివ్ యుగంధర్ కథేనా? మన డిటెక్టివులు తెరమీద ఎప్పుడు బాగుంటారు?
— నంద్యాల

కాదండీ, పేరు ఒకటే. 1979లో వచ్చిన ఆ సినిమా హిందీ డాన్‌కి రీమేక్, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌కి దాంతో సంబంధం లేదు. ఆ ట్రంకు పెట్టె మాత్రం జాగ్రత్త, చెదలు పట్టకుండా వేపాకు వేయండి, నేను నిజంగా చెప్తున్నా.

కొమ్మూరి యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజు ఉంటాడు. చిన్నప్పుడు నాకు యుగంధర్ అంటే భయం కలిసిన గౌరవం, రాజు అంటే ప్రాణం. యుగంధర్ ఏదో కనుక్కోని నోరు మెదపకుండా ఉంటే, రాజుకి ఎంత ఆత్రమో నాకూ అంతే. రేపు ఎవరైనా వెబ్ సిరీస్ తీస్తే యుగంధర్‌కి పెద్ద హీరోని వెతికే ముందు రాజుకి మంచి కుర్రోణ్ని వెతకమని నా మనవి. పాత మద్రాసు రోడ్లు, ఆ కార్లు, ఫోన్లు అట్లనే ఉంచండి, సెల్‌ఫోన్ల కాలానికి లాక్కరావద్దు.

మన తెరమీద బాగున్నవాళ్లు లేకపోలేదు. మల్లాది గారి నవల నుంచి జంధ్యాల 1986లో చంటబ్బాయ్ తీసినాడు. చిరంజీవి అంత పెద్ద మాస్ హీరోగా ఉన్న రోజుల్లో డిటెక్టివ్ పాండురంగారావుగా అట్ల నవ్వించేదానికి ఒప్పుకున్నాడు, అది చిన్న సంగతి కాదు. 2019లో ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ వచ్చింది, నెల్లూరులో చిన్న ఆఫీసు, బోర్డు మీద ఎఫ్‌బీఐ, అంటే ఫాతిమా బ్యూరో. నవీన్ పోలిశెట్టి అందులో విదేశీ డిటెక్టివుల మాదిరి కోటు వేసుకుంటాడు, కానీ అమ్మ పోయినప్పుడు ఆ ముఖం చూసినారా? అప్పుడు కోటు కనపడదు, మన ఊరి పిల్లోడే కనపడతాడు. మన డిటెక్టివ్ బాగుండేది అట్లనే, నెల్లూరు నెల్లూరు మాదిరి, నంద్యాల నంద్యాల మాదిరి ఉన్నప్పుడు.

హంతకుడెవరో మా బావ ముందే చెప్పేసినాడు. ఇంక సిరీస్ చూడాలా వద్దా?
— తాడిపత్రి

చూడండి. కొలంబో అని ఒక సీరియల్ ఉంది, అందులో చంపేది ఎవరో మొదట్లోనే మనకు చూపించేస్తారు, 1971లో మొదలైన సీరియల్ మధ్యలో ఆగి మళ్లీ మొదలై 2003 దాకా వచ్చింది. పీటర్ ఫాక్ నలిగిన రెయిన్‌కోటుతో వచ్చి "మా ఇంటామె చెప్పింది" అంటాంటాడు, ఆ ఇంటామెను ఒక్కసారి కూడా చూపించరు, అయినా ఆయనకు తోడు ఆమే. దృశ్యం చూసినాం కదా మనం, ఏం జరిగిందో మనకు తెలుసు, అయినా కుర్చీ చివర కూర్చోని చూడలేదా? మీ బావ మీద కోపం మాత్రం ఉంచుకోవచ్చు.

నేను తొమ్మిదో తరగతి. హోమ్స్ కథలు ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?
— రాజంపేట

నాయనా, ది స్పెకిల్డ్ బ్యాండ్ చదువు, 1892లో వచ్చిన చిన్న కథ, ఒక రాత్రిలో అయిపోతుంది. తెలుగులో దొరికితే తెలుగులోనే చదువు. తర్వాత జెరెమీ బ్రెట్ ఎపిసోడ్ చూడు, చీకటి గదిలో హోమ్స్, వాట్సన్ ఇద్దరూ మాట లేకుండా కూర్చోనుంటారు, వాట్సన్ ఊపిరి బిగబట్టింది చూడు. రాత్రి పూట ఒక్కడివే మాత్రం చదవొద్దు. నీ వయసులో మా తమ్ముడు అది చదివి, మే నెల ఉక్కలో కూడా వారం రోజులు వెంటిలేటర్‌కి పాత లుంగీ కుక్కి పండుకున్నాడు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.