సేమ్ సెక్స్ జంటలకి సివిల్ యూనియన్ ఇస్తే సరిపోదా, పెళ్లే కావాలని ఎందుకు పట్టుబడతారు?

ముందే చెప్పేస్తున్నా, నాకు పెళ్లిళ్ళంటే పరమ చిరాకు. సొంత చెల్లెలి పెళ్లిలోనే మధ్యలో లేచెళ్ళి కార్లో పడుకున్న మనిషిని. ఆ డ్రోన్లు, ఆ డ్రెస్ కోడ్ హల్దీలు (మా ఇళ్ళల్లో నలుగు పెట్టి నీళ్ళు పోసేవాళ్ళు, ఈ హల్దీ ఎప్పుడొచ్చిందో ఎవడికీ తెలీదు), భోజనాల దగ్గర మన కుర్చీ వెనకాలే నిలబడి వీడెప్పుడు లేస్తాడా అని చూసే జనం, ఇవేవీ నాకొద్దు. అయినా సరే, నన్నడిగితే సివిల్ యూనియన్ (పెళ్లి అని పిలవకుండా పెళ్లి లాంటి హక్కులిచ్చే చట్టబద్ధ బంధం) కాదు, పెళ్లి హక్కే కావాలంటా. "హక్కులన్నీ ఇచ్చి పేరు మాత్రం వేరే పెడితే మీకేం నష్టం" అన్నారు కదా, ఎంత నష్టమో చెప్తా.

నేనూ మావాడూ (నా పార్ట్‌నర్) హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా కలిసుంటున్నాం. ఫ్లాట్ కొనేటప్పుడు లోన్ ఇద్దరి పేరు మీదా అడిగితే, భార్యాభర్తలో తల్లిదండ్రులో తోడబుట్టినవాళ్ళో అయితేనే ఇస్తామన్నారు బ్యాంకులో, సర్లే అని నా ఒక్కడి పేరు మీదే తీసుకున్నాం. ఈఎంఐ మాత్రం లోన్ తీరేదాకా చెరి సగం కట్టాం. ఈలోపు మా నాన్న పోయారు, ఆ తర్వాత ఆస్తి కాగితాల దగ్గర మా బాబాయిల వేషాలు చూశాక నాకు భయం పట్టుకుంది. రేపు నేను పోతే? వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఫ్లాట్ మా అమ్మకి పోతుంది, సగం డబ్బు కట్టిన మావాడికి గుమ్మం తాళం చెవి కూడా దక్కదు. అమ్మతో ఇబ్బంది లేదు, ఫోన్ చేస్తే "వాడు తిన్నాడా" అని ముందు మావాడి గురించే అడుగుతుంది. అమ్మ తర్వాత ఎవరొచ్చి తలుపు కొడతారన్నదే నా బాధ.

సరే, సగం వాటా మావాడి పేరు మీద గిఫ్ట్ డీడ్ రాసేద్దామని రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గరికెళ్ళాం. పెద్దాయన, కళ్ళద్దాలు ముక్కు చివర్న, పక్కన కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు. ఆధార్లు, పాన్‌లు, లింక్ డాక్యుమెంట్ అన్నీ చూసి, "పుచ్చుకునేవారు మీకేమవుతారు సార్?" అన్నాడు.

"ఫ్రెండ్ అండి."

పెన్ను కింద పెట్టేశాడు. "ఫ్రెండుకి సగం ఫ్లాటిచ్చేస్తారా? ఏమన్నా బాకీ ఉన్నారా సార్?"

బాకీ లేదండి, కలిసే ఉంటాం అన్నా. ఆయనకెక్కలేదు. "పోనీ బావ వరసో, పెదనాన్న కొడుకో... ఏదో ఒకటి చూడండి సార్, ఫ్యామిలీ వరసల లిస్టులో ఉంటే స్టాంప్ డ్యూటీ తక్కువలో పోద్ది, బయటోళ్ళకైతే చాలా ఎక్కువ పడుద్ది" అని నిజంగా మా మంచి కోరే చెప్తున్నాడు. మావాడికి ఇలాంటి చోటే జోకులొస్తాయి, "పోనీ నన్ను దత్తత తీసుకోమంటారా" అన్నాడు. పెద్దాయన సీరియస్‌గా ఆలోచించి, "పదిహేనేళ్ళు దాటితే దత్తత చెల్లదండి, పైగా మీరిద్దరూ ఒకే ఈడులా ఉన్నారు" అన్నాడు. అప్పటికి కంప్యూటర్ కుర్రాడికి సీన్ మొత్తం అర్థమైపోయింది, స్క్రీన్‌లోకి తల దూర్చి నవ్వాపుకుంటున్నాడు, కాసేపటికి ఆయన చెవిలో ఏదో ఊదాడు.

ఛీ ఫో అంటాడేమో అనుకున్నా. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మా ఇద్దర్నీ ఓసారి ఎగాదిగా చూసి, "మీకు లిస్టులో వరస లేదు సార్, వచ్చినప్పుడు రండి, రాయడానికి నాదేం పోయింది" అన్నాడు. ఫీజు కూడా తీసుకోలేదు. ఈ దేశంలో ఈ టాపిక్ మీద నేను విన్న మాటల్లో అంత సూటి మాట ఇంకోటి లేదు, టీవీ డిబేట్లలో అరిచేవాళ్ళందరూ ఆయన దగ్గర కొన్నాళ్ళు కూర్చుంటే బాగుపడతారు.

స్టాంప్ డ్యూటీతో అయిపోదండోయ్. పోనీ ఎక్కువే కడదాం అనుకుంటే మా సీఏ ఇంకో బాంబు పేల్చాడు. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చుట్టం కానివాళ్ళ దగ్గర్నుంచి 50 వేలు దాటి గిఫ్టొస్తే అదంతా పుచ్చుకున్నవాడి ఆదాయం కిందే లెక్క. సగం ఫ్లాట్ ముప్ఫై లక్షలనుకోండి, మావాడు ఆ ఏడాది ముప్ఫై లక్షలు ఎక్స్‌ట్రా సంపాదించినట్టు, 30 శాతం శ్లాబులో తొమ్మిది లక్షల పైనే ట్యాక్స్, అదీ తను సగం డబ్బు కట్టిన ఇంటికే! అదే మొగుడూ పెళ్ళాలయితే ఎంతిచ్చుకున్నా ఈ ట్యాక్స్ సున్నా. దీని మీదే 2025లో ఒక జంట బాంబే హైకోర్టుకి కూడా వెళ్ళింది.

ఇప్పుడు సివిల్ యూనియన్ అనే చట్టం రేపొచ్చిందనుకోండి, ఆ పెద్దాయన లిస్టులోకి అది దానంతటదే ఎక్కుతుందా? స్టాంప్ డ్యూటీ లిస్టు వేరు, ఇన్‌కమ్ ట్యాక్స్ లిస్టు వేరు, వారసత్వం వేరు, పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్ ఒక్కోటీ వేరు. 2023లో సుప్రీంకోర్టులో వాదనలప్పుడు కేంద్రం తరఫున వాదించిన సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా, సేమ్ సెక్స్ పెళ్లిని ఒప్పుకుంటే 160 చోట్ల చట్టాలు తారుమారవుతాయన్నారు. ఆ మాటని అందరూ పెళ్లికి వ్యతిరేకంగా వాడతారు గానీ నాకైతే అది సివిల్ యూనియన్‌కి వ్యతిరేకంగానే వినపడింది. కొత్త బంధం ఒకటి సృష్టిస్తే అన్ని చోట్లా కూర్చుని ఒక్కొక్క లైన్ చేర్చాలి, ఏదో ఒకటి మర్చిపోతారు, ఆ మర్చిపోయిన దగ్గరే మనం ఇరుక్కుంటాం. పెళ్లికైతే మొగుడు, పెళ్ళాం అనే మాటలు ప్రతి చట్టంలో ఇప్పటికే ఉన్నాయి, వాటిని మాకూ వర్తించేలా చదువుకోమని ఒక్క లైన్ రాస్తే పనైపోయె. వకీళ్ళు అంత ఈజీ కాదంటారు. వాళ్ళకేం, ఎంత కష్టమైతే అంత ఫీజు.

ఊరికే అనట్లేదు, చేసి చూసినవాళ్ళున్నారు. మనవాళ్ళు బోలెడంత మంది ఉండే న్యూజెర్సీలో 2007 నుంచి సివిల్ యూనియన్ ఉండేది, పెళ్లితో సమానం అని చట్టంలోనే రాసుకున్నారు. తీరా చూస్తే హాస్పిటళ్ళలో, ఇన్సూరెన్సుల దగ్గర "అంటే ఏంటది" అని అడగడమేనట, ఆ రాష్ట్రమే వేసిన కమిషన్ 2008లో ఇది పనిచెయ్యట్లేదు, పెళ్లే ఇవ్వండని రిపోర్టు రాసింది, 2013 అక్టోబర్‌లో గానీ పెళ్లి రాలేదు. మన జనానికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, సివిల్ యూనియన్ కాగితం చూపిస్తే హెచ్4 (అమెరికాలో హెచ్1 మీద పనిచేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) రాదు, పెళ్లి సర్టిఫికెట్ అయితే 2013 నుంచి ఇద్దరు మగాళ్ళకైనా ఇద్దరు ఆడాళ్ళకైనా వస్తుంది. హెచ్4 ఇవ్వని సంబంధాన్ని మన తెలుగోళ్ళు సంబంధం అంటారా!

"కనీసం సివిల్ యూనియనైనా తీసుకోండి, మెల్లగా పెళ్లి అడుగుదురు గానీ" అనే సలహా కూడా చాలామంది ఇస్తారు. బాబూ, అది మాకెవరిచ్చారు? హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న తీర్పొచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు, ఇక సివిల్ యూనియన్ దగ్గర చంద్రచూడ్, కౌల్ ఇద్దరే మా వైపు, మిగతా ముగ్గురూ కాదన్నారు, ఆ ముగ్గురిలో మన తెలుగాయన నరసింహ గారూ ఉన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ కొట్టేశారు. అంటే పెద్దది అడిగితే పెద్దది రాలేదు, తగ్గించి చిన్నది అడిగినా చిన్నదీ రాలేదు, అలాంటప్పుడు ముందే తగ్గించుకుని అడగడం ఎందుకో నాకర్థం కాదు. బేరం మొదలెట్టకముందే సగం ధర చెప్పుకునే కొట్టువాణ్ణి ఎక్కడైనా చూశారా?

2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది, మాలాంటివాళ్ళు జాయింట్ అకౌంట్ తెరవచ్చు, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టుకోవచ్చు అని. సంతోషం, పెట్టుకున్నాం. కానీ నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడు మాత్రమే, వారసులొచ్చి అడిగితే అప్పజెప్పాల్సిందే, ఈ ముక్క ఎవరూ చెప్పరు. చివరికి ఇద్దరం వీలునామాలు రాసుకుని రిజిస్టర్ చేయించుకున్నాం. "అదేదో ముందే చెయ్యొచ్చుగా" అంటారేమో, వీలునామా మీద కోర్టుకెళ్ళని బాబాయి ఉంటే చూపించండి.

పెళ్లి చట్టమే ఇచ్చినా నాకు ఇంకో కంప్లయింట్ ఉంది లెండి. మాకు దారి అంటూ వస్తే 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్టులోంచే రావాలి, అందులో ముప్ఫై రోజుల నోటీసు అని ఒక దరిద్రం ఉంది, మన పేర్లూ అడ్రసులూ ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. మా ఆఫీసులో ఒకమ్మాయి వేరే కులం అబ్బాయిని చేసుకుందామని అప్లై చేస్తే, ఎవడో పనిలేనివాడు ఆ నోటీసు ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పితే సాయంత్రానికల్లా వాళ్ళ నాన్న హాస్టల్ గేటు దగ్గరున్నాడు. ఆడా మగా అయితేనే ఇలా ఉంది. మా కోసం చట్టం మార్చే రోజు గనక వస్తే ముందు ఆ నోటీసు పీకెయ్యండి, మా బాబాయిలకి వాట్సాప్ ఉంది.