ఊరికే వచ్చిన బొమ్మలకు ధర ఉండదా?

ప్రశ్న: మా నాన్నగారు తెనాలిలో పెయింట్ల డీలరు. డీలర్ల మీటింగుల్లో కంపెనీ ఊరికే పంచిన బాపు గారి బొమ్మల ప్రింట్లు 24, గొట్టంలో చుట్టి ప్రాణంలా దాచుకున్నారు. ఆయన పోయాక అమ్మ వైద్యం కోసం 2022 నవంబరులో విజయవాడ ఫ్రేముల వ్యాపారి ఒకరికి 50 వేలకు అమ్మాను. మా ఇంటికే వచ్చి తీసుకెళ్లారు. అప్పుడు 10 వేలు ఇచ్చారు. 2024 ఆగస్టులో ఫోన్‌పేలో 5 వేలు వేసి, "మిగతా 35 తర్వాత ఇస్తా" అని వాట్సాప్ పెట్టారు. ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. ఇప్పుడేమో "ఫ్రీగా పంచిన కాగితాలకు రేటేంటి? కింద 'అమ్మకానికి కాదు' అని ఉంది కదా" అంటున్నారు. నా దగ్గరున్న స్కాన్లతో కొత్త ప్రింట్లు వేయించి అమ్ముకోమని స్నేహితుడి సలహా. చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: మీ కేసు నిలిచేదీ పోయేదీ ఆ 5 వేల మీదే.

ఊరికే వచ్చాయా, కొన్నారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కంపెనీ ఇష్టపడి చేతికిచ్చింది, మీ నాన్నగారు పుచ్చుకున్నారు. దానం అక్కడితో పూర్తయింది. 'అమ్మకానికి కాదు' అన్న ముక్క మీద తగాదా అంటూ పడితే కంపెనీ పడాలి, కొనుక్కుపోయిన వ్యాపారికి ఆ మాట అనే హక్కు లేదు. విలువ సంగతీ అంతే. ఫ్రేములు కట్టి బతికే మనిషి గొట్టం విప్పి, అంచులూ మడతలూ చూసుకుని 50 వేలకు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకున్నదే ధర.

ఇక గడువు. వాయిదా తేదీ అనుకోకుండా అమ్మిన సరుకు డబ్బుకు, అప్పగించిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ లెక్కన 2025 నవంబరుతో మీ గడువు తీరింది. లోపలే కొంత చెల్లించారు కాబట్టి లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ కింద 2024 ఆగస్టు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అయితే ఆ చెల్లింపుకు ఆయన చేతిరాత గానీ, సంతకం ఉన్న రాత గానీ కావాలంటుంది చట్టం. ఒట్టి బ్యాంకు స్టేట్‌మెంటు చాలకపోవచ్చు. ఆ వాట్సాప్ మెసేజే మీకున్న రాత. 24 కాగితాలకు చెద పట్టకుండా చూసుకున్న ఇంట్లో, 35 వేల విలువైన ఒక్క మెసేజిని ఫోనుతో సహా ఇచ్చేస్తారా? పాత నంబరు మీద బ్యాకప్ ఉందేమో ఈరోజే చూడండి. దొరికితే తెరిచిన ఫోన్ అలాగే ఉంచండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రుజువుకు కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి.

స్నేహితుడి సలహా మాత్రం వినకండి. కాగితం మీ నాన్నగారిది, బొమ్మను మళ్లీ అచ్చు వేసే హక్కు ఆయనకు ఏనాడూ లేదు. బాపు గారు 2014లో పోయారు, కాపీరైటు 2074 చివరిదాకా ఉంటుంది. రవివర్మ 1906లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలు ఎవరైనా వేసుకుంటున్నారు. అది చూసి మోసపోవద్దు. కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. బాకీ రావాల్సిన మీరే ముద్దాయి అవుతారు.

చీటింగ్ కేసూ నిలవడం కష్టం. మొదటి రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి, ఆయనేమో రెండుసార్లు డబ్బిచ్చారు. స్టేషన్ చుట్టూ తిరిగినంత కాలం గడువు ఆగదు. లాయరు నోటీసు ఇచ్చినా ఆగదు.

ముందు పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి, 35 వేలు బాకీ ఉన్నట్టు తేదీ వేసి సంతకం చేయించుకోండి. చేస్తే, ఆ 5 వేలతో వచ్చిన గడువు నిలిచినట్టయితే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు. కాదంటే 15 రోజుల నోటీసు ఇచ్చి, సరుకు మీ ఇంట్లోనే అప్పగించారు కాబట్టి తెనాలి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయండి. ఆస్తి నాన్నగారిది కనుక అమ్మగారినీ, తోబుట్టువులుంటే వాళ్లనూ వాదులుగా చేర్చండి. రాజీకి వస్తానంటే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా తేల్చుకోవచ్చు, అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. ఏ దారిలో వెళ్లినా 2027 ఆగస్టులో ఆ 5 వేలు పడిన తేదీ దాటకూడదు. ఆ తేదీ ఉన్న స్టేట్‌మెంటు మీద బ్యాంకులో ముద్ర వేయించి పెట్టుకోండి.