కళ్ళు మూసుకుని ఒక్క ఆర్డర్ పెట్టి చూడు

ప్రశ్న: అన్నయ్యా నమస్తే, మాది పలాస. ఇక్కడే ఓ జీడిపప్పు షాపుకి ఆర్డర్లు తీసుకునే సైట్ చేసిచ్చాను. సైట్లని పరీక్షించే గూగుల్ పనిముట్టు లైట్‌హౌస్‌లో యాక్సెసిబిలిటీకి, అంటే వైకల్యం ఉన్నోళ్ళు కూడా వాడగలరా అన్నదానికి, 100కి 100 వచ్చింది. కానీ మొన్న శ్రీకాకుళం నుంచి చూపు లేని మాస్టారొకరు షాపుకి ఫోన్ చేసి, టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్ తెర మీదున్నది చదివి వినిపించేది) పెట్టుకుని అరగంట తిప్పలు పడ్డా అరకిలో పప్పు ఆర్డర్ పెట్టలేకపోయానని చెప్పారట. 100 వచ్చాక కూడా ఇదేటి? ఓనరేమో అలాంటోళ్ళు ఎంతమందొస్తార్లే, వదిలేయ్ అంటున్నాడు.

జవాబు: వదిలేయకు తమ్ముడూ. ఆ మాస్టారు ఫోన్ చేసి మరీ చెప్పారంటే మీ మీద దయ ఉంచినట్టే, చాలామంది చెప్పకుండా వేరే షాపుకి పోతారు.

నువ్వు పంపిన లింకు తీసి, నా ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మొదటి ఫోటో దగ్గర 'జీడిపప్పు' అంది, కుడికి జరిపితే మళ్ళీ 'జీడిపప్పు', ఇంకోసారి జరిపినా అదే. నాలుగు ఫోటోలకీ ఆల్ట్‌లో, అంటే ఫోటో బదులు చదివి వినిపించే మాటలో, అదే పెట్టేశావు. ఆల్ట్ ఉందా లేదా అన్నదే లైట్‌హౌస్ చూస్తాది, అందులో పనికొచ్చే మాట ఉందా అన్నది దానికి తెలీదు కదా. పలాసలో పుట్టినోడివి, గుళ్ళు (విరగని పప్పు) వేరు బద్దలు వేరు ముక్కలు వేరని నీకు నేను చెప్పాలా? 'డబ్ల్యూ 240 గుళ్ళు', 'డబ్ల్యూ 320 గుళ్ళు', 'బద్దలు' అని రాయి. 240 అంటే పౌండుకి 220 నుంచి 240 పలుకులు, 320 కంటే పెద్దవి. ధర తేడా అందుకేనని పక్కనే మామూలు అక్షరాల్లో ఓ ముక్క పెట్టావంటే చూపున్నోళ్ళకీ పనికొస్తాది.

అసలు చిక్కు బరువు ఎంచుకునే దగ్గరుంది. పావుకిలో, అరకిలో, కిలో అని మూడు డబ్బాలు పెట్టావు, మూడూ డివ్‌లే (బటన్ అని బ్రౌజర్‌కి తెలియని ఉత్త పెట్టెలు), క్లిక్ చేస్తే చుట్టూ ఆకుపచ్చ గీత వస్తాది, అంతే. అరకిలో మీద రెండుసార్లు తట్టాను, ఎంచుకున్నట్టు ఒక్క మాట చెప్పలేదు, ఆ గీత కంటికి కనపడాలి తప్ప చెవికి ఎలా తెలుస్తాది, మాస్టారు అక్కడే ఆగిపోయుంటారు. కంప్యూటర్‌లో అయితే ఇంకా ఘోరం, ట్యాబ్ కీ కొడుతుంటే ఆ డివ్‌ల మీద ఆగనే ఆగదు. వాటి బదులు మామూలు రేడియో బటన్లు (కొన్నిట్లో ఒక్కటే ఎంచుకునేవి) పెట్టి, ఒక్కోదానికి లేబుల్ కట్టి, సీఎస్ఎస్‌తో ఇప్పుడున్న డబ్బా రూపమే ఇచ్చుకో. ఏది ఎంచుకున్నదీ బ్రౌజరే చెప్తాది, బాణం కీలు కూడా వాటంతటవే పనిచేస్తాయి, నీకు జావాస్క్రిప్ట్ తగ్గుద్ది.

ఇంకోటి. పేజీ అంతా తెలుగే, పైన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో మాత్రం పేజీ ఏ భాషో చెప్పే లాంగ్ విలువ 'ఈఎన్' (ఇంగ్లీషు) అని ఉంది. టెంప్లేట్‌తో వచ్చింది అలాగే ఉండిపోయింది అనుకుంటాను. ఇలగైతే టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్లు కొన్ని తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడతాయి, కొన్ని మొత్తానికి దాటేస్తాయి. 'టీఈ' అని మార్చు, రెండక్షరాల పని. పిన్‌కోడ్ తప్పు కొడితే గడి ఎర్రగా మారడం ఒక్కటే కాకుండా 'పిన్‌కోడ్ ఆరు అంకెలుండాలి' అని రాసి చూపించు.

ఓనర్‌గారికి ఈ మాట చెప్పు: వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. మార్పులయ్యాక ఆ మాస్టారికే ఫోన్ చేసి, ఇంకోసారి ఆర్డర్ పెట్టి చూడమని అడగండి. ఆయన కంటే మంచి టెస్టర్ మీకు దొరకరు.

ప్రశ్న: మాది విజయనగరం మేడమ్. నేను చేసే సైట్‌లో క్లయింట్ లేత బూడిదరంగు అక్షరాలే కావాలంటున్నారు. పైగా తెలుగు బటన్ల మీద వత్తులు కింద తెగిపోతున్నాయి. ఏం చేయను?

(ఈ కాలమ్ మేం ఇద్దరం రాస్తాం, ఇది నా వంతు.)

జవాబు: చెల్లెమ్మా, మా నాన్నగారికి శుక్లాలు. మొన్నామధ్య ఒక సైట్‌లో తేదీ ఎక్కడుందో కనపడక ఫోన్ పట్టుకుని ట్యూబ్‌లైట్ కిందకి వెళ్ళి నిలబడ్డారు. కోడ్ తీసి చూస్తే తెలుపు మీద హ్యాష్ 999 అనే బూడిదరంగు కోడ్, అంటే కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగు తేడా) 2.85 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. హ్యాష్ 767676 దగ్గర అది దాటుద్ది, అదీ బూడిదరంగే, క్లయింట్‌కి తేడా పెద్దగా తెలీదు. ఒప్పుకోకపోతే మిట్టమధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్స్ బయట ఎండలో ఫోన్ ఇచ్చి చదవమను.

వత్తులంటావా, బటన్‌కి ఎత్తు పిక్సెల్స్‌లో బిగించేసి ఉంటావు, చూసుకో. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్ (ఒక్కో వరుసకిచ్చే ఎత్తు) 1.2 తెలుగుకి చాలదు, 'శాస్త్రి', 'కృష్ణ' అని రాసి చూడు. 1.6 పెట్టి, ఎత్తు తీసేసి ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇవ్వు. జూమ్ అవకుండా ఆపే లైను వ్యూపోర్ట్ ట్యాగ్‌లో (పేజీ ఫోన్ తెరకి ఎలా సరిపోవాలో చెప్పేది) ఉంటే అది ముందు తీసెయ్, నాన్నగారి లాంటోళ్ళకి రెండు వేళ్ళతో పెద్దది చేసుకోవడమే ఆధారం.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. డీటీపీలో అను ఫాంట్‌తో కొట్టిన ధరల పట్టీని ఫోటోగా సైట్‌లో పెట్టేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండి. ఫోటోలో అక్షరాలు స్క్రీన్ రీడర్‌కి అందవు, గూగుల్‌లో వెతికినా దొరకవు. అను యూనికోడ్ ఫాంట్ కాదు కాబట్టి ఆ ఫైల్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినా పిచ్చి గుర్తులే వస్తాయి. యూనికోడ్‌లో (ఫోన్లూ సైట్లూ తెలుగు అక్షరాలుగానే గుర్తుపట్టే పద్ధతి) ఒకసారి కొట్టించి టేబుల్‌గా పెట్టండి, రేటు మారినప్పుడు ఒక్క అంకె దిద్దుకుంటే చాలు.