మేకప్ గదిలోకి మూడింటికే వెళ్ళు

విశాఖపట్నం

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

నీ కథ చదివాను. పద్యనాటకం ఆడే సమాజాన్ని ఎంచుకోవడం బాగుంది. మన కథల్లో వాళ్ళు బొత్తిగా కనిపించరు. కానీ నీ మేకప్ గదిలో ముసలి నటుడు అద్దం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకోవడం తప్ప ఇంకేమీ జరగడం లేదు. ముఖానికి రంగు వేసుకున్నవాడు ఏడవడమ్మా. చారలు పడితే మళ్ళీ మొదట్నించీ వేయాలి, మేకప్‌మ్యాన్ ఊరుకోడు. ఆ గదిలో ఎవరికి ఏ పని, దేని తర్వాత ఏది, ఎక్కడ తేడా కొడుతుంది అన్నది రాయి. బాధ ఉంటే దానంతటదే బయటపడుతుంది.

ముందు గడియారం చూడు. సిరిపురం గురజాడ కళాక్షేత్రంలో 6.30కి తెర లేవాలనుకో. 8 పాత్రలు, మేకప్‌మ్యాన్ ఒక్కడే. పౌరాణిక పాత్రకి మనిషికి 25 నిమిషాలు వేసుకున్నా మొత్తం 3 గంటల 20 నిమిషాలు. అంటే 3 గంటలకల్లా మొదటివాడు కుర్చీలో ఉండాలి. ఆ మొదటివాడు ఎవరు? గొడవంతా అక్కడే. ముందు కూర్చున్నవాడు ముఖం తుడుచుకోకూడదు, వెనక్కి వాలి కునుకు తీయకూడదు, మూతికి తగలకుండా టీ తాగాలి. మన ఊళ్ళో వేషం కట్టేవాళ్ళలో చాలామందికి పగలు ఉద్యోగం ఉంటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళలా కుటుంబమంతా నాటకం మీదే బతికే పద్ధతి వేరు. ఇక్కడ స్టీల్‌ప్లాంటులో పగటి షిఫ్టు దిగి, కూర్మన్నపాలెంలో బస్సెక్కి వచ్చే దుర్యోధనుడి కోసం వరస మారుతుంది. ఆయన ఆలస్యమైతే రెండో అంకంలో వచ్చే వేషాన్ని ముందుకు లాగుతారు, ఆ మనిషి మొహం ముడుచుకుంటాడు. నీ కథకి ఆ ముడుచుకోవడం చాలు, ప్రత్యేకంగా విలన్ అక్కర్లేదు.

మీసం ఊడి నవ్వులపాలైనట్టు రాశావు. ఊడుతుంది, నిజమే. ఎందుకు ఊడిందో రాయలేదు. మీసం అంటించే జిగురు, స్పిరిట్ గమ్, ఒట్టి చర్మం మీదే పట్టు ఇస్తుంది. పౌడరు అద్దేశాక దానిమీద గమ్ పూస్తే పౌడరుతో సహా లేచొస్తుంది. ముఖం కడిగి, తడి ఆరాక, మీసం గడ్డం వచ్చే చోటు వదిలేసి రంగు వేస్తారు. గమ్ పల్చగా పూసి, వేలికి జిగురు తగిలేదాకా ఆగి, అప్పుడు అంటించి తడిగుడ్డతో అదిమి పట్టుకుంటారు. నోరు కాస్త తెరిచి ఉండగానే అంటించాలి. మూసి అంటిస్తే పద్యం ఎత్తుకోగానే చర్మం సాగి కొస లేస్తుంది. అందులోనూ మన సముద్రపు ఉక్క. పైపెదవి మీద చెమట ముందు పడుతుంది కాబట్టి ఊడటం ఎప్పుడూ కొసల దగ్గరే మొదలవుతుంది. స్టేజీ పక్కన వింగులో నిలబడ్డ మేకప్‌మ్యాన్ నటుడి పాట వినడు, ఆ కొసలే చూస్తుంటాడు. ఇంకొకటి: నీ కృష్ణుడికి ముఖం ఒక్కటే నీలం. చెవులు, మెడ, మోచేతుల దాకా చేతులు కూడా వేయాలి, లేకపోతే లైట్ల కింద చేతులు వేరేవాళ్ళవిలా కనిపిస్తాయి.

కిరీటాలు, భుజకీర్తులు, మఖ్మల్ అంగరఖాలు డ్రెస్ కంపెనీ నుంచి పెట్టెల్లో అద్దెకొస్తాయి. అవి ఎవరి కొలతకీ కుట్టినవి కావు. వెనక నాడాలు, పిన్నులు, లోపల తలకి కట్టే గుడ్డ, వీటితో సర్దుకుంటారు. కిరీటం బిగువైతే కణతల్ని నొక్కేస్తుంది, వదులైతే నమస్కారం పెట్టినప్పుడు జారుతుంది. పూర్తి వేషం కట్టాక బాత్రూంకి వెళ్ళాలంటే సగం విప్పాలి, అందుకని నటులు నీళ్ళు తాగరు. తాగకపోతే గొంతు ఎండుతుంది. గుక్కెడు గుక్కెడు అందించే కుర్రాడొకడు ఉంటాడు. నీ కథలో వాడు లేడు, పెట్టు.

హార్మోనియం గురించి నువ్వు 'మధురంగా మోగింది' అని సరిపెట్టావు. అసలు నాటకం నడిపేది హార్మోనిస్టే. కృష్ణుడు 5 శ్రుతిలో పాడతాడు, దుర్యోధనుడు అంతకంటే కిందిదైన 4లో అనుకో. ఇద్దరికీ పద్యం మీద పద్యం ఉన్నప్పుడు మధ్యలో ఒక్క వాక్యమైనా వచనం ఉండాలి, ఆ సందులోనే కొత్త శ్రుతి మెల్లగా అందుతుంది. ఆ వాక్యం మింగేసి దుర్యోధనుడు నేరుగా పద్యం ఎత్తుకుంటే పాత శ్రుతిలో పడతాడు, పై స్థాయిలో గొంతు విరుగుతుంది. ఇక ఏసీ హాలుకి వాద్యాలు కనీసం అరగంట ముందు చేరాలి. బయటి తేమకి తబలా చర్మం వదులై శ్రుతి దిగి ఉంటుంది, లోపలి చల్లటి పొడిగాలికి ఎక్కుతుంది. రాగానే సుత్తితో సరిచేసుకున్నవాడు మొదటి సీను మధ్యలో మళ్ళీ సుత్తి తీయాల్సొస్తుంది.

అన్నిటికంటే ప్రాంప్టర్, అంటే పక్కనుంచి మాట అందించేవాడి దగ్గర దెబ్బతిన్నావు. నీ ప్రాంప్టర్ పద్యం మొత్తం చదివేస్తున్నాడు. అలా చేస్తే ముందు వరస వాళ్ళు నటుడికంటే ముందే వినేస్తారు. అందించేది పాదం మొదటి మాట మాత్రమే, అదీ పూర్తిగా తడబడ్డప్పుడు. రాగం తీస్తున్నంతసేపూ నోరు మూసుకోవాలి. నటుడు మరిచిపోయాడా, ఆలాపన సాగదీస్తున్నాడా అన్నది కళ్ళు చూసి తెలుసుకోవాలి. హార్మోనిస్టుకి ముందు తెలుస్తుంది, స్వరం పట్టుకుని ఓ క్షణం సమయం ఇస్తాడు. వృత్తాలకి ప్రాస ఉంది, అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరంలోని హల్లు ఒకటే, కాబట్టి ఆసరా దొరుకుతుంది. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యమే తీసుకో: జెండాపై, దండంబుం, గాండీవమ్ము. మొదటి పాదం నోటికొచ్చినవాడికి ఆ 'ండ' చెవిలో మోగుతూ ఉంటుంది, 'గాం' అని అందిస్తే చాలు. సీసపద్యానికి ప్రాస నియమం లేదు. పాదాలన్నీ ఒకే తూగులో ఉండటంతో రెండోదీ మూడోదీ తారుమారవుతాయి. చాలాసార్లు అర్థం చెడదు, జనం గమనించరు. అలాంటప్పుడు మంచి ప్రాంప్టర్ పుస్తకం వదిలేసి నటుడి వెంట వెళతాడు. వదిలేసిన పాదం వేలితో నొక్కిపెట్టుకుని, నటుడు మళ్ళీ తడుముకుంటే దాన్నే అందిస్తాడు. నీ కథకి మలుపు కావాలంటే ఇదిగో, ఇక్కడుంది.

తెరల సంగతి ఒక్కమాటలో. దర్బారు సీను వెనక సర్దుతున్నంతసేపూ మధ్య తెర ముందు వీధి సీను నడుస్తుంది. హాస్యగాళ్ళు అదనంగా రెండు మాటలు కలిపారంటే వెనక సింహాసనం ఇంకా చేరలేదన్నమాట. కాటిసీనులో పొగ వేస్తే హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకునేలోపు ఆపాలి, లేకపోతే దగ్గొస్తుంది.

ఇవన్నీ నా మాట మీద నమ్మి రాయకు. కళాభారతి హాల్లోనో సిరిపురంలోనో పద్యనాటకం ఉన్న రోజు నిర్వాహకుల్ని అడిగి 3 గంటలకే లోపలికి వెళ్ళు. మేకప్‌మ్యాన్‌ని పని మధ్యలో ప్రశ్నలడక్కు, పిన్నులు అందించు, అతనే చెబుతాడు. నాటకం మొదలయ్యాక హాల్లోకి రాకు, ప్రాంప్టర్ ఉన్న వింగులోనే ఉండు. తర్వాత రంగు తీసేటప్పుడు కూడా ఆగు: కొబ్బరినూనె, పాత గుడ్డలు, గమ్ ఊడదీసేటప్పటి మంట, డబ్బుల లెక్క, ఆఖరి బస్సు దొరుకుతుందా లేదా అన్న మాటలు. నీ కథ చప్పట్లతో అయిపోయింది. వాళ్ళకి ఇంకా గంట పని మిగిలి ఉంటుంది.

ముందు ప్రాంప్టర్ ఉన్న భాగం ఒక్కటీ తిరగరాసి పంపు. ఈసారైనా కాగితాలకి నంబర్లు వెయ్యి తల్లీ, కిందటిసారి నాలుగో పేజీ ఆరో పేజీ తర్వాత చదివాను.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు