పాచికల మీద కోపం వద్దు

చి. రవికి పెదనాన్న ఆశీస్సులు.

రెండు పాచికలు వేసి కాయలు నడిపే బ్యాక్‌గామన్‌లో కంప్యూటర్ మోసం చేస్తోందని, దానికి కావలసిన పందెం కావలసినప్పుడే పడుతోందని రాశావు. ఈ ఆట ఆడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తుంది. తేల్చుకోవడం సులువే. గ్నూ బ్యాక్‌గామన్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో పాచికలు మనమే వేసి, పడిన అంకెల్ని టైప్ చేసే వీలుంది. బల్ల మీద నీ చేత్తో నువ్వే వేసి ఆడు. అప్పుడు కూడా నువ్వు ఎక్కువసార్లు ఓడిపోతావు.

దాని అదృష్టం బాగుందనిపించడానికి కారణం వేరే ఉంది. ఏ అంకె పడినా ఏదో ఒక మంచి ఎత్తు దొరికేలా అది కాయల్ని ముందే సర్దుకుంటుంది. నువ్వేమో అయిదు పడితే తప్ప గట్టెక్కని చోట నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంటావు.

రెండు పాచికలకు 36 పందేలు. నీ ఒంటరి కాయ ఎదుటి కాయకు ఆరు గడుల దూరంలో ఉంటే, మధ్యలో అడ్డేమీ లేకపోతే, 17 పందేలకు చస్తుంది. ఏడు గడుల దూరంలో పెడితే ఆరింటికే. ఒక్క గడి తేడా! ఆరు లోపు ఉండక తప్పదంటే బాగా దగ్గరగా ఉండు, ఒక గడి దూరానికి 11 పందేలే. ఈ లెక్కలు నోటికి రావాలి రా.

కంప్యూటర్ ఆట పాయింట్లు రెట్టింపు చేద్దామంటే టెన్షన్ పడి వెంటనే ఆట వదిలేయకు. నాలుగు ఆటలు వదిలేస్తే నాలుగు పాయింట్లు పోతాయి. నాలుగూ ఒప్పుకుని మూడు ఓడి ఒకటి గెలిచినా, ఆటకు రెండు చొప్పున ఆరు పోయి రెండు వస్తాయి కాబట్టి, పోయేవి నాలుగే. అంటే నాలుగింట ఒకటి కంటే ఎక్కువ గెలిచే వీలుందనిపిస్తే ఒప్పుకో. గామన్ పడే ప్రమాదం, అంటే ఒక్క కాయా బయటికి తీయకుండానే ఓడి రెట్టింపు పాయింట్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

ఒక్క ఆటలో ఎంత ఆటగాడైనా పాచికలకు ఓడిపోవచ్చు, అది నిజం. అందుకే గెలుపోటములు చూసి నీ ఎత్తు మంచిదో చెడ్డదో నిర్ణయించకు. ఆట అయ్యాక గ్నూ బ్యాక్‌గామన్‌లోనే విశ్లేషణ పెట్టు. అదృష్టం ఎంత, నీ పొరపాట్లు ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. గెలిచిన ఆటలనే ముందు చూడు, పందెం కాపాడిన తప్పులన్నీ అక్కడే ఉంటాయి.

ఐబీఎంలో టెసారో అనే పరిశోధకుడు 1992లో తయారుచేసిన టీడీ-గామన్ అనే బ్యాక్‌గామన్ ప్రోగ్రామ్ తనతో తానే లక్షల ఆటలు ఆడి నేర్చుకుంది. మొదటి పందెం 2-1 పడితే 6వ గడిలోని కాయను 5వ గడిలో ఒంటరిగా దించడం అప్పటి పెద్ద ఆటగాళ్ల అలవాటు. దానికి బదులు వెనకున్న కాయను 24వ గడి నుంచి 23కి జరపడం మేలని ఆ ప్రోగ్రామ్ చూపించింది. అంతటి వాళ్లూ ఒప్పుకుని పద్ధతి మార్చుకున్నారు. నీ ఎత్తు తప్పని కంప్యూటర్ అన్నప్పుడు దానితో వాదించకుండా, అది చెప్పిన ఎత్తు బోర్డు మీద పెట్టి, తర్వాత ఏయే పందేలు కలిసొస్తాయో లెక్కపెట్టు.

ఈ వారం ఓడినవి రెండు, గెలిచింది ఒకటి, ఆటల ఫైళ్లు పంపు. ఆదివారం చూసి ఫోన్ చేస్తాను.

పెదనాన్న