సైకోపైలో రియాక్షన్ టైమ్ తేడాలు: భాష మార్చాల్సిన పని లేదు

సైకోపైలో (మనస్తత్వ ప్రయోగాలకు వాడే పైథాన్ సాఫ్ట్‌వేర్) మీకు కొలిచిన రియాక్షన్ టైమ్‌లు, అంటే బొమ్మ కనిపించాక మీట నొక్కడానికి పట్టే సమయాలు, తేడాగా వస్తున్నాయి. ఆ తేడా పైథాన్‌ది కాదు, మీ గడియారం మొదలయ్యే చోటుది. 50 మిల్లీసెకన్లు చూపించే బొమ్మకు స్లీప్ (ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపే ఆదేశం) వాడుతున్నానని, సి ప్లస్ ప్లస్‌కు మారాలా అని అడిగారు. వద్దు, అక్కడా ఇదే తప్పు జరుగుతుంది.

1. స్లీప్ తీసేయండి. 60 హెర్ట్జ్ స్క్రీన్ దాదాపు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారే మారుతుంది. ఆ ఒక్కో మార్పే ఒక ఫ్రేము. సమయం బదులు ఫ్రేములు లెక్కపెట్టండి, మీకు కావాల్సినవి 3.

2. చాలామంది వదిలేసేది ఇదే. డ్రా అనే ఆదేశం ఇవ్వగానే బొమ్మ తెర మీదికి రాదు, ఫ్లిప్ (గీసిన ఫ్రేమును తెర మీదికి తెచ్చే ఆదేశం) అయినప్పుడే వస్తుంది. డ్రా పక్కనే క్లాక్ రీసెట్ చేస్తే ఒక్కో ట్రయల్‌కు ఒక్కోలా, దాదాపు ఒక ఫ్రేము దాకా అదనపు సమయం కలుస్తుంది. మీకు కనిపిస్తున్న తేడాలో పెద్ద భాగం ఇదే అయి ఉంటుంది. మొదటి ఫ్లిప్‌కు ముందే కీబోర్డ్ క్లాక్ రీసెట్‌ను కాల్‌ఆన్‌ఫ్లిప్‌కు (ఫ్లిప్ అయిన క్షణంలోనే ఒక పని చేయించే సైకోపై ఆదేశం) అప్పగించండి. బొమ్మ, గడియారం ఒకేసారి మొదలవుతాయి.

3. నొక్కిన మీటలు చదవడానికి పాత గెట్‌కీస్ ఆదేశం బదులు సైకోపైలోని కీబోర్డ్ క్లాస్ వాడండి.

4. ప్రొజెక్టర్‌కు డూప్లికేట్ డిస్‌ప్లే (అదే తెర రెండు చోట్లా కనిపించే సెట్టింగ్) ఉంటే తీసేయండి. హనుమకొండలో మా ల్యాబ్‌లో దీనితోనే రెండు రోజులు పోయాయి.

ప్రయోగానికి కాజీపేట నుంచి బస్సెక్కి వచ్చే పిల్లల డేటా పాడవకూడదు. వాళ్లను పిలిచే ముందే రికార్డ్‌ఫ్రేమ్‌ఇంటర్వల్స్ (ఫ్రేముల మధ్య సమయాన్ని నమోదు చేసే సైకోపై సెట్టింగ్) ఆన్ చేసి, జారిపోయిన ఫ్రేములు ఎన్నో చూసుకోండి.